క్యూ తప్పించొద్దు, కూర్చోనివ్వండి చాలు

డిస్నీ వరల్డ్‌కి వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళని ఎవరిని కదిపినా మొదట చెప్పే సలహా ఒకటే. "పొద్దున్నే గేటు తీసే టైముకి అక్కడుండాలి. జనం రాకముందే పెద్ద రైడ్లు రెండు కొట్టేస్తే రోజంతా మనదే." కీళ్ళు సరిగ్గా పనిచేసేవాళ్ళకి అది మంచి సలహానే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న నాకు మాత్రం పొద్దున ఎనిమిదింటికి జడ వేసుకోవడమే ఒక రైడు. వేళ్ళు, మణికట్లు, పాదాలు బిగుసుకుపోయి ఉంటాయి. అవి వదులవడానికి గంట పడుతుంది, ఒక్కోరోజు రెండు గంటలు. పది దాటితే గానీ మనిషిని కాను. పన్నెండయ్యేసరికి ఫ్లోరిడా ఎండ నడినెత్తికొస్తుంది, ఈ జబ్బుకి నేను వేసుకునే మెథోట్రెక్సేట్ మందుకీ ఎండకీ పడదు. వేసవిలో అయితే మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు, వాన. బయట తిరిగే రైడ్లన్నీ ఆపేస్తారు. మళ్ళీ నాకు తెరిపి సాయంత్రం అయిదు తర్వాతే. మిగతావాళ్ళకి పన్నెండు గంటల సేపు పనికొచ్చే టికెట్టు నాకు అయిదారు గంటలే పనికొస్తుంది. ధర మాత్రం ఇద్దరికీ ఒకటే.

మేముండేది అట్లాంటాలో. కారెక్కితే ఒక్క పూటలో డిస్నీ వరల్డ్ ఉన్న ఒర్లాండో. అందుకని ఇండియా నుంచి ఎవరొచ్చినా, పిల్లలకి సెలవులొచ్చినా దారి అటే పడుతుంది. "ఈ కీళ్ళతో ఎలా వెళ్తావే?" అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు దూరాల సంగతి. అందరూ రైడ్ల గురించి భయపడతారు గానీ మనిషిని పడగొట్టేది రైడు కాదు, రైడుకీ రైడుకీ మధ్య నడక. 1971 అక్టోబరు 1న తెరిచిన ఆ చోటు మొత్తం దాదాపు 40 చదరపు మైళ్ళు. అందులో నాలుగు పెద్ద పార్కులు. మేజిక్ కింగ్‌డమ్‌కి సొంత కారులో వెళ్తే కారు దిగేది పార్కు ముందు కాదు, చెరువుకి ఇవతలి ఒడ్డున. అక్కడి నుంచి మోనోరైలో లాంచీయో ఎక్కి అవతలికి దాటాలి. ఇంకా లోపల అడుగు పెట్టకముందే ఒక పూట నడక అయిపోతుంది. అదే డిస్నీ హోటల్లో దిగితే వాళ్ళ బస్సు తిన్నగా గేటు దగ్గర దించుతుంది, వీల్‌చెయిర్‌తో సహా ఎక్కడానికి ర్యాంపు కూడా ఉంటుంది. హోటల్ ఖరీదు ఎక్కువే. నాలాంటివాళ్ళు ఆ డబ్బు గదికి కాదు, ఆ నడక తగ్గించుకోవడానికి ఇస్తున్నామనుకోవాలి. ఎప్‌కాట్‌లో చెరువు చుట్టూ పదకొండు దేశాల మండపాలు చూసి రావాలంటే రమారమి రెండు కిలోమీటర్లు. అడ్డంగా దాటించే పడవలున్నాయి, వాడుకోండి. యానిమల్ కింగ్‌డమ్ 580 ఎకరాలు. అడవి దారిలా కనపడాలని నేల కావాలనే ఎగుడుదిగుడుగా చేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చక్రాల మీద కూర్చున్నవాళ్ళకి వెన్నుపూస లెక్క తెలుస్తుంది.

ఇక కుర్చీ సంగతి. మా అమ్మది తెనాలి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, ఆపరేషన్ మాటెత్తితే "చూద్దాంలే" అంటుంది. హైదరాబాద్ నుంచి అట్లాంటా దాకా దారిలో తగిలిన ప్రతి ఎయిర్‌పోర్టులోనూ వీల్‌చెయిర్ ఎక్కింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఆవిడా ఏమీ అనుకోలేదు. మన అమ్మానాన్నలొచ్చే విమానాల దగ్గర ఆ కుర్చీల వరుస ఎంత పొడుగుంటుందో మీరూ చూసే ఉంటారు. అందులో చాలామందికి కాళ్ళు బాగానే ఉంటాయి. ఇంగ్లీషు రాదని, రెండో విమానం గేటు వెతుక్కోలేరని పిల్లలు బుక్ చేస్తారు. అదే అమ్మ పార్కు గేటు దగ్గర అద్దె వీల్‌చెయిర్ చూడగానే ముఖం ముడుచుకుంది.

"నాకేం కాళ్ళు పడిపోయినయ్యా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఎవరున్నారమ్మా?"

"ఎరగనివాళ్ళు మాత్రం చూడరూ?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. జవాబు మా అమ్మాయి దగ్గరుంది. "అమ్మమ్మా, నా బ్యాగు మోయలేకపోతున్నా, ఆ కుర్చీలో పెట్టి తోసుకెళ్దాం" అంది. సరే, బ్యాగు కుర్చీలో కూర్చుని ఊరేగింది. అమ్మ వెనకాల పిడులు పట్టుకుని, దాని మీద కాస్త బరువు వేసుకుంటూ నడిచింది. భోజనాలయ్యేసరికి బ్యాగు అమ్మ ఒళ్ళోకి మారింది, అమ్మ కుర్చీలోకి. ఆ తర్వాత ఎవరూ ఆ విషయం మాట్లాడలేదు.

మనవాళ్ళు అడిగే ప్రశ్న "నడవగలవా, నడవలేవా?" అని. ఇంట్లోనూ అదే, ఆఫీసులోనూ అదే. నడవగలను. ఎంత దూరం, ఏ వేళ, ఎంత ఎండలో, మర్నాడు ఏ రేటుకి అన్నది ఎవరూ అడగరు. ఒంట్లో శక్తి ఒకటో తారీకున చేతికొచ్చే పెన్షన్ లాంటిది. మొదటివారంలో ఖర్చు పెట్టేస్తే మూడోవారం చేబదులే. పొద్దున గేటు నుంచి కోట దాకా ఊరికే నడిచి ఖర్చు పెట్టుకుంటే, సాయంత్రం పిల్లతో కలిసి రైడెక్కి దిగడానికి మోకాలు మిగలదు. అందుకే నడవగలిగినా నేను మొదటినుంచే స్కూటర్ తీసుకుంటాను. బ్యాటరీ మీద నడిచే బండి, పార్కుల్లోనూ అద్దెకిస్తారు, బయటి దుకాణాలవాళ్ళు హోటలుకి తెచ్చిస్తారు. పార్కులో తీసుకున్నది ఆ పార్కు గేటు దాటి రాదు, పైగా ముందొచ్చినవాళ్ళకి ముందు. బయట తీసుకుంటే రాత్రి ఛార్జింగ్ పెట్టుకోవడం మన బాధ్యత. ఎవరూ జబ్బేమిటని అడగరు, కాగితాలు చూపించమనరు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని నీ వైకల్యం ఏమిటని అడగకూడదని అమెరికాలో నిబంధనే ఉంది. 1990 నాటి వికలాంగుల చట్టం చలవ అది.

నిబంధన సిబ్బందికి. తోటి జనానికి ఏ నిబంధనా లేదు. హాంటెడ్ మాన్షన్ అనే రైడులో బండ్లు ఆగకుండా కదులుతుంటాయి, పక్కన నేల కూడా బెల్టులా కదులుతుంటుంది. స్కూటర్ బయటే వదిలి, లేచి, ఆ బెల్టు మీద నాలుగడుగులు వేసి కూర్చోవాలి. అడిగితే బెల్టు నెమ్మది చేస్తారు, ఆపుతారు కూడా. నేను లేచి నిలబడగానే వెనక నుంచి తెలుగులో వినపడింది: "నడుస్తోందిగా మరి, ఆ బండెందుకో!" మా ఆయన వెనక్కి తిరగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పొట్లాటక్కూడా ఓపిక కావాలి.

కుర్చీ ఎక్కితే క్యూ ఉండదని మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ నమ్ముతున్నారు. కొన్ని పాత రైడ్లు తప్ప మిగతా క్యూలన్నీ వీల్‌చెయిర్ పట్టేలా కట్టారు, అందరితో పాటే వెళ్ళాలి. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌లో కుర్చీతో సహా ఎక్కించుకునే పడవ ఉంది, సఫారీ బండిలోనూ కుర్చీ దిగక్కర్లేదు. పీపుల్‌మూవర్ లాంటి వాటికి మాత్రం సొంత కాళ్ళ మీద నడిచి ఎక్కాల్సిందే. ఈ వివరాలన్నీ రైడు వారీగా వాళ్ళే ప్రకటిస్తారు, ముందురోజు కూర్చుని చదువుకోవాలి.

ఆస్తమా ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి: వాసనలు. అక్కడ వాసన కూడా తమాషాలో భాగం. ఎప్‌కాట్ పెద్ద గోళంలో రోమ్ నగరం తగలబడే సీనుకి కాలిన కంపు వదులుతారు. సోరిన్ అనే ఎగిరే రైడులో తాజ్‌మహల్ మీదుగా వెళ్తుంటే పూల పరిమళం వచ్చేది. ఇంకోచోట సినిమా మధ్యలో ఆపిల్ పై వాసన. అందరూ "ఆహా" అనే సెకన్లోనే నేను ఇన్‌హేలర్ కోసం సంచి తడుముతుంటాను. రాత్రి బాణసంచా పొగ గాలి ఎటు వీస్తే అటు పోతుంది, అందుకని కోట ముందు చోటు కోసం కొట్టుకోకుండా దూరంగా పొగ పోని దిక్కున నిలబడటం మేలు. 2019 మే నుంచి పార్కుల లోపల సిగరెట్ పూర్తిగా నిషేధించారు. నా వరకు ఆ ఒక్క నిర్ణయం ఏ కొత్త రైడు కంటే కూడా పెద్దది.

మందులు చల్లగా ఉంచాల్సినవైతే ప్రతి పార్కులోనూ ఫస్ట్ ఎయిడ్ సెంటర్‌లో ఫ్రిజ్‌లో పెడతారు. ఇన్సులిన్ వాళ్ళకి, నాలాగా ఇంజెక్షన్ పెన్ను మోసుకు తిరిగేవాళ్ళకి ఇది తెలియాలి. విడి ఐసు లోపలికి రానివ్వరు, జెల్ ప్యాకులు పరవాలేదు. ఇంటి తిండి కూడా పరవాలేదు, గాజు సీసాలు తప్ప. పులిహోర, పెరుగన్నం డబ్బాలతో మేం కూర్చున్న నీడలో పక్క బల్లల మీద అలాంటి డబ్బాలే ఇంకో రెండు కనపడ్డాయి.

ఇంతవరకు మన జాగ్రత్తలు. క్యూ దగ్గరికొచ్చేసరికి మన జాగ్రత్త ఏమీ పనిచేయదు, నా పేచీ అంతా అక్కడే.

పీటర్ పాన్ రైడు మూడు నిమిషాలు కూడా ఉండదు. దానికోసం గంట నిలబడటం మామూలే. నిలబడటం, రెండడుగులు వేయడం, మళ్ళీ నిలబడటం. ఆర్థరైటిస్‌కి నడక కంటే ఇదే చెడ్డది. ఈ క్యూ ఎవరికి తప్పించాలి అన్నదాని మీద చాలా ఏళ్ళుగా రభస జరుగుతూనే ఉంది. పూర్వం అవసరం ఉందని చెబితే ఒక కార్డు ఇచ్చేవాళ్ళు. డబ్బున్న న్యూయార్క్ కుటుంబాలు వికలాంగులను గంటల లెక్కన గైడులుగా పెట్టుకుని క్యూలు దాటేస్తున్నాయని 2013 మేలో న్యూయార్క్ పోస్ట్ రాసింది. అదే ఏడాది అక్టోబరులో ఆ కార్డు పోయి కొత్త పద్ధతి వచ్చింది: క్యూలో ఎంతసేపు పడుతుందో అంతసేపు ఎక్కడో నీడన గడిపి, చెప్పిన టైముకి రావచ్చు. పద్ధతిగా చూస్తే చాలా మంచిది. కొన్నాళ్ళకి దాన్ని వాడేవాళ్ళు విపరీతంగా పెరిగిపోయారన్నారు. 2024 మే 20 నుంచి ఫ్లోరిడాలో, జూన్ 18 నుంచి కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో నిబంధన బిగించారు. ఆటిజం లాంటి ఎదుగుదలకి సంబంధించిన వైకల్యాల వల్ల ఎక్కువసేపు మామూలు క్యూలో ఉండలేనివాళ్ళ కోసమే ఇది అన్నారు. వీడియో కాల్‌లో మాట్లాడి తేలుస్తారు. అబద్ధం చెప్పినట్టు తేలితే శాశ్వతంగా రానివ్వరు.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో నాకే తగాదా లేదు. ఆ పిల్లలకి క్యూ అంటే ఏమిటో మా వీధిలోనే ఒక ఇంట్లో చూస్తున్నాను. కానీ పేగు జబ్బుతో పది నిమిషాలకోసారి బాత్రూమ్ వెతుక్కునేవాళ్ళు, లూపస్ ఉన్నవాళ్ళు, కీమో అయి ఆరు నెలలు కూడా కానివాళ్ళు ఏం చేయాలి? అవసరమైతే క్యూలోంచి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చి మీవాళ్ళని కలవండి అన్నది జవాబు. మీవాళ్ళంటే ఆరేళ్ళ పిల్ల ఒక్కతే అయితే దాన్ని ఎవరి దగ్గర వదిలి వెళ్తారు?

ఇక అదే క్యూ డబ్బుకి తప్పిపోతుంది. 1999లో మొదలైన ఉచిత ఫాస్ట్‌పాస్ 2021లో పోయి, దాని స్థానంలో డబ్బులిచ్చి కొనుక్కునే దారి వచ్చింది. 2024 అక్టోబరు చివర్లో ఇంకో మెట్టు పైకెళ్ళి, ఏ టైముకైనా వెళ్ళగలిగే ప్రీమియర్ పాస్ పెట్టారు. మొదలుపెట్టినప్పుడు మేజిక్ కింగ్‌డమ్‌లో రద్దీ రోజున మనిషికి 449 డాలర్ల దాకా, టికెట్టు కాక. డబ్బున్నవాడికి ఏ వీడియో కాలూ లేదు, ఏ ప్రశ్నా లేదు. మనకిది కొత్తేం కాదు, తిరుమలలో మూడొందల రూపాయల దర్శనం చూసినవాళ్ళమే.

తిరుమల మాటొచ్చింది కాబట్టి అక్కడే ఆగుతాను. ప్రపంచంలో క్యూ గురించి తిరుమలకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో జనాన్ని గంటల తరబడి నిలబెట్టరు. హాలు హాలుగా, కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడతారు. మెట్లమెట్లుగా అరుగులు, నీళ్ళు, బాత్రూములు, వేళకి పాలో ప్రసాదమో. ముసలివాళ్ళు నడుం వాలుస్తారు, పసిపిల్లలు నిద్రపోతారు, పేకాట తప్ప అన్నీ జరుగుతాయి. మన వంతు రాగానే గేటు తీస్తారు. తీశాక జరిగే తోపులాట సంగతి నాకు తెలుసు, దాన్ని వెనకేసుకు రావడం లేదు. అరవై అయిదు దాటినవాళ్ళకి వేరే దారి పెట్టడానికి అదీ ఒక కారణమేమో. కానీ ఎదురుచూపులో అసలు భాగం కూర్చుని గడుస్తుంది. మా అమ్మ అరిగిన మోకాళ్ళతో తిరుమలలో గంటలు గంటలు గడిపింది, ఒర్లాండోలో ముప్పావుగంటకి తల తిరిగింది.

డిస్నీకి ఇది చేతకాదా అంటే, చేసి చూపించారు కూడా. 2012లో డంబో రైడుని కొత్త చోటికి మార్చినప్పుడు దాని క్యూని ఒక సర్కస్ డేరాగా కట్టారు. లోపల ఏసీ, పిల్లలు ఎక్కి దూకడానికి ఆటస్థలం, చుట్టూ పెద్దవాళ్ళు కూర్చోవడానికి చోటు. పేజర్ చేతికిచ్చి, అది మోగినప్పుడు రమ్మనేలా ఏర్పాటు. నాకు డంబో మీద ప్రత్యేకంగా ప్రేమేం లేదు, గాల్లో గుండ్రంగా తిరిగే ఏనుగు. కానీ ఆ డేరా నా కళ్ళకి ఆ పార్కు మొత్తంలోకీ తెలివైన కట్టడం. అక్కడ ఎవరూ ఎవరి క్యూనీ తప్పించలేదు. ఎవరూ జబ్బు నిరూపించుకోలేదు. గర్భిణి, గుండె జబ్బు మనిషి, ఆటిజం పిల్లవాడు, చక్కగా ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడు అందరూ ఒకే డేరాలో కూర్చున్నారు. దొంగ జబ్బుతో దూరాలనుకునేవాడికి దాంట్లో లాభం ఏముంది?

చోటు సరిపోదంటారు. కూర్చోబెడితే నిలబెట్టినదానికంటే ఎక్కువ జాగా కావాలి, నిజమే. పాత రైడ్ల దగ్గర అంత జాగా లేదు, అదీ నిజమే. అయితే కొత్తగా కట్టేవాటికి ఆ సాకు లేదు. పాతవాటిలో కూడా మలుపు మలుపుకీ గోడకి ఆనుకుని ఒక బల్ల, కనీసం చేరబడటానికి ఒక వాలుపలక పెట్టడానికి ఎకరాలు అక్కర్లేదు. జనాన్ని కూర్చోనిస్తే క్యూ ఎంత పొడుగైనా గొణగరు, పాస్ కొనరు అన్నది అసలు భయమేమో అని నా అనుమానం. అనుమానమే.

ఇక మన దేశం దగ్గరికి వస్తే ఈ నడవగలవా నడవలేవా ప్రశ్నకి ఒక అంకె తగిలిస్తాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది, మంచిదే. కానీ పెన్షన్ దగ్గర్నుంచి రాయితీల దాకా చాలావాటికి 40 శాతం గీత దాటాలి. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో డాక్టరు ముందు కూర్చున్న రోజు వేళ్ళు వదులుగా ఉన్నాయంటే మన శాతం కూడా ఆ రోజు వేళ్ళదే. మా పిన్ని ఒకావిడ "పొద్దున్నే పిలవమనండి నాయనా, అప్పుడు చూపిస్తా" అని అడిగి నవ్వించింది, సర్టిఫికెట్ మాత్రం రాలేదు.

ఆ శాతాల గొడవ లేని దారి చట్టంలోనే ఇంకోటుంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ప్రజలు వచ్చిపోయే చోట్లు, అవి ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, అందరూ వాడుకునేలా ఉండాలని ఆ చట్టం అంటుంది. క్షేత్రంలో పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని సుప్రీంకోర్టు హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రాన్ని అడిగింది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో తీర్పిస్తూ, ఆ చట్టం కింద రాసిన నిబంధనల్లో పదిహేనోది తప్పనిసరి చేయాల్సినవాటిని సలహాల స్థాయికి దించేసిందని కొట్టేసింది. తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలు వేరుగా రాయమని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది.

అలాంటి ప్రమాణాలు రాయడానికి కూర్చున్నవాళ్ళు ర్యాంపు వాలు, తలుపు వెడల్పు, లిఫ్టు బటన్ ఎత్తు ఎలాగూ రాస్తారు. వాటి కింద ఇంకో వాక్యం కావాలి: అరగంటకి మించి జనాన్ని వేచి ఉండమనే ఏ చోటైనా, హైదరాబాద్ చుట్టూ ఉన్న వినోద పార్కులైనా సరే, ఆ వేచి ఉండే చోట కూర్చునే వీలుండాలి, అదీ అడగకుండా, కాగితం చూపించకుండా. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో టోకెన్ చేతికిచ్చి కుర్చీలు చూపిస్తున్నారు, బ్యాంకుల్లోనూ అంతే. టికెట్టుకి వేలు తీసుకునేవాళ్ళకి అది కష్టమేం కాదు.